యాభై మాటలు దాటితే

“పిల్ల నోట్లో ఇంకో బిస్కెట్టు పెట్టు. ఆయన మెట్లెక్కుతున్నాడు,” అన్నాడు దర్జీ కిటికీలోంచి చూస్తూ.

“ఇప్పటికే రెండున్నాయి. అవి నమిలేసి మళ్ళీ మొదలెడుతుంది,” అంది భార్య.

నాలుగేళ్ళ గువ్వ వాళ్ళ కన్నబిడ్డ కాదు. కన్నవాళ్ళు కొట్టి, గదిలో పెట్టి గొళ్ళెం వేస్తుంటే అధికారులు తీసుకొచ్చి మొదట ఆశ్రమంలో, తర్వాత పిన్ని దగ్గర, చివరికి ఇక్కడ ఉంచారు. ఇది మాటలు రాని పిల్లలకు కేటాయించిన ఇల్లు. యాభై మాటలు దాటిన పిల్లను మామూలు ఇంటికి మార్చెయ్యాలని నిబంధన. ఏడాదిపాటు ఒక్క మాట కోసం దేవుడికి దణ్ణాలు పెట్టిన దర్జీ, నెల రోజులుగా పిల్ల కాస్త మూగనోము పట్టాలని పెడుతున్నాడు. ఏ దణ్ణాన్ని లెక్కలోకి తీసుకోవాలో పాపం ఆ దేవుడికే తెలియాలి.

అధికారి వచ్చి కూర్చుని ఫైలు తెరిచాడు.

“ఆశ్రమంలో నాలుగు మాటలు. పిన్నిగారింట్లో రెండు. ఇక్కడ?”

“మాటలెక్కడివండీ. ఉలకదు, పలకదు,” అంది భార్య.

గువ్వ బిస్కెట్టు మింగేసింది.

“తాతా, నీ చొక్కా గుండీ ఊడిపోయింది. నాన్న కుడతాడులే. నాన్న సూది నోట్లో పెట్టుకుంటాడు, అమ్మ తిడుతుంది. ఇక్కడ పడుకున్నాక గొళ్ళెం వెయ్యరు. నీకు వేస్తారా?”

భార్య గట్టిగా దగ్గింది. దర్జీ గుడ్డ లేకుండానే మిషను తొక్కడం మొదలెట్టాడు.

“అది ఆపవయ్యా. లెక్క తప్పుతోంది,” అన్నాడు అధికారి.

మిషను ఆగింది. గువ్వ ఆగలేదు. పక్కింటి పిల్లి దగ్గర మొదలెట్టి, దాని పిల్లల దాకా వెళ్ళింది. అధికారి తలెత్తకుండా ఏదో రాస్తూనే ఉన్నాడు.

“అయ్యా, అందులో సగం నా మాటలే. నేనన్నవే తిప్పి అంటుంది. అవి నా లెక్కలో రాసుకోండి,” అంది భార్య.

“ఈ కాగితంలో పెద్దవాళ్ళకు గడి లేదమ్మా. ముప్పై ఏళ్ళుగా ఈ ఉద్యోగంలో ఉన్నాను. నిబంధనంటే నిబంధనే.”

ఆయన కాగితం మడిచి బల్ల మీద పెట్టి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

భార్య పిల్లను ఒళ్ళోకి లాక్కుంది. గౌన్లు సర్దాలి, సంచి తెమ్మంది. దర్జీ సంచి తేలేదు. కాగితం విప్పి రెండుసార్లు చదివాడు.

“ఎప్పుడు పంపమన్నాడు?”

అతడు కాగితం ఆమె ముందు పెట్టాడు.

మాటల గడిలో సున్నా ఉంది.