రికాబుకి తలుపు

"ఇంకా ఎన్నిసార్లు పడాలన్నయ్యా? నడుములో విరగని ఎముక ఏదైనా మిగిలుంటే చెప్పు, దాన్ని కూడా విరగ్గొట్టుకుంటా!"

అశ్వదళంలో రౌతైన తమ్ముడు నేల మీద కూలబడి, ప్యాంటుకి అంటిన ఎండుగడ్డి దులుపుకుంటూ అరిచాడు.

జీనుల మేస్త్రి గుర్రం పక్కన గొంతుక్కూర్చుని, రౌతు పాదం పెట్టుకునే రికాబు కొక్కేన్ని ఆకురాయితో రుద్దుతున్నాడు. ఈసారి కదలకుండా నిలబడ్డ గుర్రం మీంచే తమ్ముడు జారిపడ్డాడు. కొక్కెం మరీ వదులైపోయింది. అంతకుముందేమో మరీ బిగుసుకుపోయి, వాణ్ణి కాసేపు తలకిందులుగా వేలాడదీసింది.

అశ్వదళం లాయం వెనక రేకుల షెడ్డు అది. తోలు, మైనం, గుర్రపు చెమట కలిసిన వాసన. గోడకి వరసగా జీనులు వేలాడుతున్నాయి. యుద్ధానికి వెళ్ళినవాడు రాకపోతే వాడి జీనుని మేస్త్రి శుభ్రంగా తుడిచి, నూనె రాసి, కొత్తగా వచ్చినవాడి గుర్రానికి బిగిస్తాడు. ఈమధ్య నూనె ఊరికే అయిపోతోంది.

మొన్న బూర ఊదేవాణ్ణి గుర్రం రాళ్ళదారంతా ఈడ్చుకొచ్చింది. పడిపోయాడు గానీ, పాదం రికాబులోంచి ఊడిరాలేదు. తోలుపట్టీ కోసి వాడి శవాన్ని విడిపించింది మేస్త్రే. అప్పట్నుంచీ అతనికి అన్నం సయించడం లేదు. ఆ ఇనుప చట్రానికి బయటివైపు కడ్డీ కోసేసి, తలుపు రెక్కలా తెరుచుకునే ముక్క పెట్టాడు. మనిషి పడి పాదం మెలితిరిగితే కొక్కెం వదిలేయాలి, రెక్క తెరుచుకోవాలి, కాలు బయటికొచ్చేయాలి. అదీ అతని ఆలోచన.

"ఒకమాట అడగనా?" అన్నాడు తమ్ముడు. "బుల్లెట్ తగిలాక కాలు ఎక్కడుంటే ఏంటి?"

"నోర్ముయ్. తగిలినవాళ్ళంతా పోరు. గుర్రం ఈడ్చుకుపోతే మాత్రం ఎవడూ మిగలడు."

"మిగిలితే ఏం చేస్తారు? కట్టు కట్టి మళ్ళీ ఎక్కిస్తారు."

మేస్త్రి ఆకురాయి కింద పెట్టేశాడు. "ఎక్కు. కెప్టెన్ వస్తున్నాడు" అన్నాడు.

కెప్టెన్ టీగ్లాసుతో వచ్చి కంచె దగ్గర నిలబడ్డాడు. నిద్రలేక కళ్ళు గుంటలు పడ్డాయి.

"ఇనుముకి తలుపేంటయ్యా మేస్త్రీ, ఇల్లు కడుతున్నావా?"

"ఒక్కసారి చూడండి సార్. పనికిరాదంటే నేనే కొలిమిలో పడేస్తాను."

"సరే. నడిచే గుర్రం మీంచి పడితే ఎవడికైనా ఏమీ కాదు. దౌడులో పడమను."

మేస్త్రి ముందుకొచ్చాడు. "అయితే నేనెక్కుతాను సార్. చేసింది నేను కదా."

"నీ మోకాలితో ఎక్కడమే రాదు, పడటమేం వస్తుంది?" తమ్ముడు అప్పటికే జీను మీదున్నాడు. "వదినకి మాత్రం చెప్పకు. పిచ్చి సాహసాలు చెయ్యనని నాతో ఒట్టేయించుకుంది."

ఆ గుర్రాన్ని దళంలో అందరూ గయ్యాళి అంటారు. మడమ తగిలిందో లేదో దుమ్ము రేపుకుంటూ ఉరికింది. మైదానం చివరిదాకా వెళ్ళి తిరిగొస్తుండగా తమ్ముడు కళ్లెం వదిలేసి పక్కకి ఒరిగిపోయాడు.

కాలు ఊడలేదు.

గుర్రం బెదిరి ఇంకా జోరందుకుంది. తమ్ముడి తల నేలకి తగులుతూ, లేస్తూ, మళ్ళీ తగులుతూ వస్తోంది. "ఆపండి! ఎవరైనా దాన్ని ఆపండి!" మేస్త్రి కంచె దాటబోయి బోర్లాపడ్డాడు. నోట్లోకి మట్టి పోయింది. తమ్ముణ్ణి తన చేతులతోనే చంపుకున్నాననుకున్నాడు.

టక్‌మని చిన్న చప్పుడు.

గుర్రం ముందుకి వెళ్ళిపోయింది. తమ్ముడు వెనక మిగిలిపోయాడు. దుమ్ము సర్దుకునేదాకా ఆ మూట కదలలేదు. తర్వాత ఒక చెయ్యి లేచింది. తర్వాత మనిషి లేచాడు. మోచేతుల నిండా నెత్తురు, మొహం నిండా మట్టి, ఆ మట్టిలోంచి పళ్ళు.

"తెరుచుకుందన్నయ్యా! నీ తలుపు తెరుచుకుంది!"

మేస్త్రి కుంటుకుంటూ వెళ్ళి వాణ్ణి వాటేసుకున్నాడు. గట్టిగా ఏడ్చేశాడు.

"బతికే ఉన్నాగా, ఎందుకేడుస్తావ్?"

"అందుకేరా."

యుద్ధం మొదలయ్యాక, వీడు ఇంటికి తిరిగొస్తాడని అనుకోవడానికి ధైర్యం చేసింది అదే మొదటిసారి.

ఈలోగా కెప్టెన్ గయ్యాళిని పట్టించి తెప్పించి, రికాబు విప్పించి చేతిలోకి తీసుకున్నాడు. రెక్క తెరిచాడు. మూశాడు. మళ్ళీ తెరిచాడు. కొక్కేన్ని గోటితో గీకి చూశాడు.

"బాగుంది మేస్త్రీ. నిజంగా బాగుంది. దళంలో అన్ని గుర్రాలకీ ఇవే కావాలి."

"రాత్రీపగలూ కూర్చునైనా చేసేస్తాను సార్!"

"నిన్న కొన్ని గుర్రాలు ఖాళీ జీనులతో తిరిగొచ్చాయి, చూశావా?"

"చూశాను సార్. పాపం, ఎక్కడెక్కడ పడిపోయారో పిల్లలు..."

"పడిపోలేదు. అడవి రాగానే దిగి పారిపోయారు." కెప్టెన్ రికాబు రెక్కని నెమ్మదిగా మూసి, దాన్ని మేస్త్రి చేతిలో పెట్టాడు. "పాదం బయటికి రాకుండా బిగిసేలా ఈ తలుపుకి ఒక తాళం పెట్టు. తాళంచెవి నా దగ్గరుంటుంది."