ఛాంపియన్ కూతురు

"మూడు ఈతలు ఈనింది. నాలుగోసారి దాన్ని పంపేది లేదు" అంది రోహిణి, పొద్దుట్నుంచి అంటున్న మాటే మళ్ళీ.

యుగంధర్ అన్నం కలుపుతూ తలెత్తలేదు. మగగుర్రం ఉన్న రాజనందగావ్ ఆసామి రేప్పొద్దున బండి పంపిస్తున్నాడని, ఇప్పుడు వద్దంటే మాట పోతుందని అతనూ పొద్దుట్నుంచి అంటున్నదే అన్నాడు.

గొడవంతా ఛాయ గురించి. ఒకప్పుడు హైదరాబాదు రేసుల్లో దాన్ని దాటిన గుర్రం లేదు. వెండి కప్పు పక్కన మెడ నిక్కించి నిలబడ్డ దాని ఫోటో ఇప్పటికీ హాల్లో గోడమీద ఉంది. పరుగు తగ్గాక యుగంధర్ కొని భిలాయి తెచ్చాడు. పెళ్ళి బరాతులకి గుర్రాలు అద్దెకివ్వడం అతని పని. స్మృతి నగర్ చివర, ఇంటి వెనకే రేకుల షెడ్డు. ఛాంపియన్ మీద ఊరేగాలని నెహ్రూ నగర్ పెళ్ళికొడుకులు ముందే చెప్పిపెట్టుకునేవారు. కాళ్ళు అరిగాక ఆ పని మానిపించి, పిల్లల్ని ఈనడానికి పెట్టారు.

చిక్కేమిటంటే ఇక్కడి బరాతుల్లో పెళ్ళికొడుకు ఆడగుర్రమే ఎక్కాలి. ఛాయకి మూడుసార్లూ మగపిల్లలే. వాటిని అడిగినవాళ్ళకి ఇచ్చేశారు.

"ఒక్క ఆడపిల్ల పుడితే చాలమ్మా" యుగంధర్ తల్లివైపు తిరిగాడు. "ఛాంపియన్ కూతురని చెప్పుకుంటాం. షెడ్డుకి వారసురాలుండాలి కదా."

దుర్గాదేవి ఔనంది. ఈసారి ఆడదే పుడుతుందని తన మనసు చెబుతోందంది. ఆవిడ మనసు కిందటిసారీ అదే చెప్పింది.

"కిందటిసారి ఈనాక అది రెండ్రోజులు లేవలేదు. మళ్ళీ అయితే బతకదని డాక్టరు చెప్పలేదా? దాని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది నేను. ఇంక బస్" అంది రోహిణి.

అని గోడకి చేరబడింది. పక్కగదిలో కూతుళ్ళిద్దరూ హిందీలో దెబ్బలాడుకుంటున్నారు. లేచి వెళ్ళే ఓపిక ఆమెకి లేదు. తల్లికి జ్వరమని పోయిన నెల చరోదాలో పుట్టింటికి వెళ్ళొచ్చినప్పటి నుంచీ ఇలాగే ఉంది. దాణా బక్కెట్టు ఎత్తడం మానేసింది. మావగారే మోస్తున్నాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. దుర్గాదేవి మాత్రం కనిపెట్టి, తనలో తను నవ్వుకుని, మంగళవారం మంగళవారం గుళ్ళో కొబ్బరికాయ కొట్టి వస్తోంది.

మావగారు నరసింగరావు స్టీలు ప్లాంటులో కొలిమి ముందు షిఫ్టులు చేసి చేసి రిటైరైన మనిషి. ఇంట్లో నోరు విప్పడం అరుదు. చెయ్యి కడుక్కొచ్చి, కండువాతో తుడుచుకుంటూ నిలబడ్డాడు.

"కప్పులు తెచ్చింది. పెళ్ళికొడుకుల్ని మోసింది. పిల్లల్ని ఈనింది. ఇంకా దానికాడ నీకేటి కావాల్రా? ఆడో మగో దాని సేతిలో ఉందేటి? ఒగ్గీయ్. తిని పడుంటాది."

 యుగంధర్ ఎడమచేత్తో ఫోను తీసి, బండి పంపొద్దు భయ్యా అని రాజనందగావ్ ఆసామికి హిందీలో చెప్పేశాడు.

దుర్గాదేవి కూడా మెత్తబడింది. "పోన్లే పాపం, నోరులేని జీవం. ఎన్నని కంటాది" అంది.

రోహిణి కళ్ళు మూసుకుని తెరిచింది. మళ్ళీ కంచం దగ్గరికి జరిగింది.

కోడలి కంచం ముందు పెరుగు గిన్నెతో వంగిన దుర్గాదేవి గొంతులో ముద్దు పలికింది.

"నువ్వేటి దాస్తన్నావే? బక్కెట్టు ఎత్తవు, బరువు ముట్టవు. నాకు తెలీదేటి? రెండుసార్లూ ఆడపిల్లలైతే అయ్యారు, ఈసారి మనవడే. ఇంటికి వారసుడుండాల కదా."

యుగంధర్ నవ్వుమొహంతో భార్యవైపు చూశాడు. బయటికి వెళ్ళబోతున్న నరసింగరావు గుమ్మంలో ఆగాడు.

పెరుగు పడకుండా రోహిణి కంచానికి చెయ్యి అడ్డం పెట్టింది. గొంతు పెంచలేదు, కానీ అందరికీ వినబడేలాగే చెప్పింది.

"అమ్మకి జ్వరం రాలేదత్తా. హాస్పిటల్లో ఉన్నది నేను. ఇంక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకుని వచ్చాను."