సీ వచ్చేవరకు

నలభయ్యో రోజు కూడా తాతారావు ప్రోగ్రాంలో తప్పు వచ్చింది.

ఐదు లైన్ల ప్రోగ్రాం. సీ అనే కంప్యూటర్ భాష కొత్తగా మొదలుపెట్టిన ఎవరైనా మొదటి రోజు చేసేదే. సరిగ్గా రాస్తే తెర మీద 'హలో వరల్డ్' అని పడుతుంది, అంతే. ప్లస్ టూ చదివే సుజన పావుగంటలో చేసేసి, స్వెట్టరు చేతులు కిందికి లాక్కుని కూర్చుంది. తాతారావుకి నలభై రోజులు చాలలేదు.

గిరీష్ తల బాదుకున్నాడు. మనసులోనే. పైకి బాదుకుంటే మాస్టారి హోదా ఏం కావాలి?

అతను విశాఖపట్నంలో మూడు నెలలు సీ నేర్చుకుని రాయగడ వచ్చి, మెయిన్ రోడ్డులో మేడ మీది కంప్యూటర్ సెంటర్లో మాస్టారయ్యాడు. ఊరికి సీ తెచ్చింది తనేనని అతని నమ్మకం. గదిలోకి చెప్పులతో ఎవర్నీ రానిచ్చేవాడు కాదు, దుమ్ము పడితే వైరస్ వస్తుందని. మనుషులకి చెమట పట్టినా ఫరవాలేదు, కంప్యూటర్లకి పట్టకూడదని ఓనరు గౌరీశంకర్ ప్రాణం తీసి ఆయన చేత ఏసీ పెట్టించాడు. కరెంటు పోతే జనరేటరు కూడా.

కింద బోర్డు మీద మాట కూడా గిరీష్‌దే. 'సీ వచ్చేవరకు నేర్పబడును. మళ్ళీ ఫీజు లేదు.' ఒడియాలోనూ తెలుగులోనూ ఎర్ర అక్షరాలతో రాయించాడు. నేను నేర్పితే రాకపోవడమా అని ధీమా.

ఆ బోర్డు చదివి ఏప్రిల్ ఆఖర్లో మెట్లెక్కి వచ్చాడు తాతారావు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. బజారులో రేకుల షెడ్డులో చింతపండు హోల్‌సేల్ వ్యాపారం. వచ్చేవరకు అన్నారు, మాట మారదు కదా అని రెండుసార్లు అడిగి మరీ చేరాడు. గిరీష్ ఛాతీ విరుచుకుని మారదన్నాడు.

మొదటి వారం సరదాగానే గడిచింది. సీ నేర్చుకుంటున్నానని ఇంట్లో చెబితే, ఆయన భార్య కృష్ణవేణమ్మ ఈయన ఎవర్ని ఛీ కొట్టి వచ్చాడో అని కంగారు పడిందట. వాళ్ళ నోట ఛీ కూడా సీయే మరి. ఇంకోరోజు, "వరల్డుకి హలో సెప్పడం ఏటి మాస్టారూ, రాయగడకి సెప్తే సాలదా?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. గిరీష్ నవ్వలేదు.

మనిషి మాత్రం బుద్ధిమంతుడు. మధ్యాహ్నం భోంచేసి ఒంటిగంటకల్లా వచ్చేసేవాడు. అయిదు దాకా కదిలేవాడు కాదు. మే నెలలో కుర్రాళ్ళు పెళ్ళిళ్ళ పేరు చెప్పి ఎగ్గొట్టారు గానీ ఆయన ఒక్కరోజు మానలేదు. ఒక్కో అక్షరం వెతికి కొట్టేవాడు. మధ్యమధ్య కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుని ఆలోచించేవాడు. ఆలోచన బాగా ముదిరితే చిన్నగా గురక వినిపించేది.

తప్పులా, అబ్బో. ఓరోజు లైను చివర సెమీకోలన్ ఉండదు. మర్నాడు సెమీకోలన్ ఉంటుంది, బ్రాకెట్ ఉండదు. మూడోనాడు మెయిన్ అన్న మాటలో అక్షరాలు తారుమారు. ఆయన మొద్దుతనానికి సాక్ష్యం ఉండాలని గిరీష్ ఒక నోటుబుక్కు పెట్టి తేదీలవారీగా రాసుకున్నాడు. నలభై రోజులకి నలభై తప్పులు. ఒకసారి చేసింది మళ్ళీ చెయ్యలేదు. వాటిలో కొన్ని గిరీష్‌కే తెలియక, చాటుగా పుస్తకం చూసుకుని దిద్దాడు.

ఇంతలో సెంటరుకి పేరిచ్చిన కంపెనీ హెడ్డాఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. జూన్ పదిహేనున సూపర్‌వైజరు దుర్గాభవాని వస్తుంది. ఆనాటికి బ్యాచ్‌లో ఒక్కరికి సీ రాకపోయినా మాస్టారిని మార్చేస్తారు. గౌరీశంకర్ ఆ ఉత్తరం గిరీష్ ముందు పెట్టి, పాన్ నములుతూ నిలబడ్డాడు.

గిరీష్‌కి నిజంగా భయం వేసింది. ఉద్యోగం పోతే సొంతూరు గుణుపురం వెళ్ళి నాన్న కిరాణా కొట్లో కూర్చోవాలి. మాస్టారూ అన్నవాళ్ళే రేపు శనగపప్పు అరకిలో కట్టమంటారు.

ఆ నలభయ్యో రోజు, జూన్ పద్నాలుగున, అతను సిగ్గు విడిచి తాతారావు కుర్చీ పక్కన వంగాడు.

"మీకు దణ్ణం పెడతాను తాతారావు గారూ. రేపొక్కరోజు తప్పు లేకుండా కొట్టండి."

తాతారావు కిటికీ తెర కొంచెం పక్కకి లాగి, బయట ఎండ కేసి చూశాడు.

"వస్తాది మాస్టారూ, తొందరేటి? బోర్డు మీద మీరే రాసేరు కదా, వచ్చేవరకూ అని."

మర్నాడు దుర్గాభవాని వచ్చింది. రాత్రంతా కురిసిన వానకి మెట్లన్నీ బురద. చెప్పులు బయట విడిచి లోపలికి రాగానే, అందరి ప్రోగ్రాంలూ అయ్యాయి కదా అని అడిగింది. ఒక్కరు మిగిలారన్న మాట దాటేసి, గిరీష్ ఆమెకి కుర్చీ తుడిచి వేశాడు.

అప్పుడే తలుపు తీసుకుని తాతారావు వచ్చాడు. తడిసిన గొడుగు మూల పెట్టాడు. కూర్చోకుండానే, తెర కేసైనా చూడకుండా, పది వేళ్ళతో టకటకా కొట్టేశాడు. నిమిషం పట్టలేదు. తెర మీద 'హలో రాయగడ' అని పడింది.

సుజన చప్పట్లు కొట్టింది. గిరీష్‌కి పోయిన ప్రాణం లేచివచ్చింది. ప్రాణంతో పాటు ధీమా కూడా వచ్చింది. ఎంత కష్టమైన విద్యార్థినైనా తను వదలడనీ, నేర్పే పద్ధతిలోనే అంతా ఉందనీ చెప్పుకుపోయాడు. నోటుబుక్కు తీసి నలభై తప్పులూ చూపించాడు.

దుర్గాభవాని ఆ పేజీలు తిరగేసింది. మళ్ళీ మొదటి నుంచి తిరగేసింది. తాతారావు వైపు తిరిగి, ఇన్నాళ్ళూ రానిది ఇవాళ ఎలా వచ్చిందండీ అని అడిగింది. గిరీష్ కాలరు సర్దుకుని, ఆయన నోట తన పేరు కోసం ఎదురుచూశాడు.

"వానలు పడిపోనాయి కదమ్మా, ఇంక ఈ ఏసీ గదితో నాకేటి పని, ఆ సర్టిఫికెట్టేదో ఇచ్చీండి, మళ్ళీ మార్చి నెలలో సీ ప్లస్ ప్లస్‌కి నా పేరు రాసుకోండి."