పొగగొట్టంలో మట్టి

అక్కా, తప్పులూ కోడిగీతలూ చూసి నవ్వకు.

గడ్డి కోసే మిషను పొద్దుటి నుంచీ స్టార్ట్ కాలేదు. మీ మరిది ప్లగ్గు మార్చారు, పెట్రోలు మార్చారు, తాడు లాగి లాగి అరచేతులు పుండ్లు చేసుకున్నారు.

"సాయంత్రానికి కొయ్యకపోతే వేరేవాణ్ణి పెట్టుకుంటా," అన్నాడు తోట యజమాని.

"మన బతుకింతేనే," అంటూ ఆయన మంచినీళ్లకు వెళ్లారు. ఏడుస్తూ మిషను పక్కన కూలబడితే పొగగొట్టం కనబడింది. నిండా కందిరీగల మట్టిగూడు! తలపిన్నుతో తవ్వేశాను. ఆయన అలికిడికి పిన్ను గడ్డిలో జారిపోయింది.

చెప్పడానికి సిగ్గేసి, "ఇంకొక్కసారి లాగండి," అన్నాను.

మిషను గర్జించింది. "చూశారా నా చెయ్యి!" అని యజమానితో గొప్పలు పోయారు.

ఇంటికొచ్చాక, మసిపట్టిన నా పిన్ను జడలో గుచ్చి, "రేపు కూడా పెట్టుకుని రా," అన్నారు.

బావ చూస్తే ఈయన్ని ఏడిపిస్తాడు. చదివి కాల్చెయ్యవే.