ఇరవై నాలుగు సీసాలు

"జైల్లో ఏమన్నా పెడతారేమే పాపా?"

పొద్దుటి నుంచి కృపమణి ఆ మాట అడగడం అది ఐదోసారి. ఆరాధన ముగిసింది. బళ్లారి బ్రూస్‌పేట క్రైస్తవ మందిరం వరండాలో గోడకానుకుని కూర్చున్న యూనీస్ ఒళ్లోని ఫైలు మీంచి తల ఎత్తలేదు.

"జైలూ లేదు గియిలూ లేదు. సుమ్నే గమ్మునుండమ్మా. ఉద్యోగం పోతాది, అంతే."

"అంతే అంటాదే!" కృపమణి గుండె మీద చెయ్యి వేసుకుంది. కూతురు ఎక్కిన బస్సు పది నిమిషాలు ఆలస్యమైతే ఆసుపత్రులన్నింటికీ ఫోన్లు చేసే మనిషి ఆమె. అలాంటిది, ఈసారి భయపడటానికి నిజంగానే కారణం దొరికింది. "ఆ బెంగళూరు డాక్టరు ఏమన్న్యాడో ఇంకొకసారి చెప్పు."

యూనీస్ ఆసుపత్రిలో నర్సు. మోకాళ్ల అరుగుదలకు ఒక కంపెనీ తయారు చేసిన కొత్త మందు పనిచేస్తుందో లేదో తేల్చే పరీక్షలో, బళ్లారి లెక్కంతా రాసింది ఆమే. అన్ని ఊళ్ల లెక్కలూ చూసేది బెంగళూరు డాక్టరు.

"ఏమంటాడు? మన సంఘంలో ఇరవై నలుగురు ఈ పరీక్షకి పేర్లిచ్చినారు కదా. పన్నెండు మంది సీసాల్లో అసలు మందు, పన్నెండు మంది సీసాల్లో ఉత్త పిండి మాత్రలు. చూస్తే రెండూ ఒకటే. ఎవరికి ఏది పోయిందో నాకే తెలీదు. ఆర్నెల్లయినాక నిన్న గుట్టు విప్పినారు. మిగతా ఊర్లలో అసలు మందు తిన్నోళ్లకి బాగైంది, పిండి మాత్రలు తిన్నోళ్లు అట్లే ఉండారు. మన ఊర్లో మాత్రం అందరికీ సగమే తగ్గింది. అసలుదానికీ సగమే, పిండికీ సగమే. ఇట్ల యాడా ఉండదు, నువ్వు ఇంట్లో కూచోని లెక్కలు రాసినావు అంటాడు. రేపు పది గంటలకి జవాబు చెప్పల్ల."

"నువ్వు రాసినావా?"

"అమ్మా!"

"కాదే, వాళ్లు అడుగుతారు కదా, అందుకని అడిగితి."

వరండా మధ్యలో ఆడవాళ్లు గంగాళం చుట్టూ చేరి, ఇళ్ల నుంచి తెచ్చిన డబ్బాలు బోర్లిస్తున్నారు. వంటకు బియ్యం పోసేటప్పుడల్లా ఒక పిడికెడు దేవుని పేరిట పక్కన పెట్టడం ఇక్కడి తల్లుల అలవాటు. ఆదివారం ఆ పిడికెళ్లన్నీ ఒకచోట చేరి, పొయ్యి వెలగని ఇళ్లకు వెళ్తాయి.

కృపమణి వాళ్ల వంక చూసింది. పోయిన ఏడాది వీళ్లలో సగం మంది ప్రార్థనకు మోకరించలేక కుర్చీల్లోనే కూర్చునేవారు. ఈరోజు బెంచీ పట్టుకుని అయినా, మూలిగి అయినా, ఒక్కరు మిగలకుండా మోకరించారు. అది ఆమె కళ్లారా చూసింది. చూసింది కాబట్టే లేచి గంగాళం దగ్గరికి వెళ్లింది.

"అక్కా, మీకు పుణ్యముంటాది, నిజం చెప్పండి. నా బిడ్డ ఇచ్చిన మాత్రలు తిన్నారా, పెరట్లో పారేసినారా?"

"పారేసేదేంది?" బసవమ్మకు రోషం వచ్చింది. ఆమె కురుగోడు నుంచి ప్రతి వారం బస్సులో వస్తుంది. "పొద్దున ఒకటి, మాపున ఒకటి. ఒక్క పూట తప్పలే. ముందు నేను బస్సెక్కల్లంటే కండక్టరు రెండు చేతులూ పట్టి గుంజుతాండె. ఇప్పుడు వాని కంటే ముందు నేనే ఎక్కి కూచుంటా."

అందరూ నవ్వారు. యూనీస్ మాత్రం నవ్వలేదు. ఫైలు పట్టుకుని తానూ వచ్చింది.

"మీ మొగుళ్లకి గాని, పక్కింటోళ్లకి గాని ఇచ్చినారా?"

"నువ్వు బయటోళ్లకి ఇయ్యొద్దంటివి. మా ఆయన ఏడ్చినా ఒక్కటి ఇయ్యలే."

"మరి నొప్పి ఎంత తగ్గిందని నేను అడిగినప్పుడు, పిల్ల బాధపడతాదని ఉన్నదానికంటే ఎక్కువ చెప్పినారా?"

"మందిరంలో కూచోని అబద్ధం చెప్తామా పాపా!"

గంగాళంలో బియ్యం కలుపుతున్న ముసలి చెయ్యి ఆగింది. అది స్త్రీల సమాజం పెద్ద సువార్తమ్మ చెయ్యి. కృపమణి అది గమనించింది.

"అవ్వా, నీకేమన్నా తెలుసునా?"

సువార్తమ్మ బియ్యంలోంచి ఒక రాయి ఏరి అవతల పారేసింది. బసవమ్మ తన డబ్బా మూత తీసి, మళ్లీ పెట్టింది. అంతసేపూ గలగలా మాట్లాడినవాళ్లంతా ఒకరి మొహాలొకరు చూసుకుంటున్నారు. యూనీస్ వైపు ఎవరూ చూడటం లేదు. బయట ఆటోవాడు రెండుసార్లు హారన్ కొట్టి, విసిగి వెళ్లిపోయాడు.

కృపమణి అవ్వ దగ్గరికి జరిగింది. "ఎవరన్నా పాయినారా ఏంది, మాకు చెప్పకుండా పూడ్చిపెట్టినారా?" అంది. ఆ మాటకు కూడా ఎవరూ నవ్వలేదు.

"అవ్వా," అంది యూనీస్. "రేపు నాకు జవాబు కావల్ల."

సువార్తమ్మ గంగాళం అంచు పట్టుకుని మోకాళ్ల మీద లేచింది. చేతికంటిన నూక కొంగుకు తుడుచుకుంది.

"సగం మందికి పిండి మాత్రలని మొదటి రోజే చెప్తివి కదా పాపా. సగం మందికి నొప్పి పోయి, సగం మంది మూలుగుతాంటే, ఒకే బెంచీ మీద ఎట్ల కూచునేది? అందుకే నెలనెలా నువ్వు సీసాలిచ్చి గేటు దాటంగానే, ఇరవై నాలుగూ ఈ గంగాళంలో పోసి, బాగా కలిపి, తలా అరవై పంచుకుంటిమి."