సగం క్రాఫు

సెలూన్‌లో మూడు కుర్చీలు, మూడు అద్దాలు. మూడు అద్దాల్లోనూ కత్తెరన్న ఒక్కడే కనిపిస్తున్నాడు.

తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరే ఉంది గానీ ఊళ్ళో అందరికీ ఆయన కత్తెరన్నే. ఈ వీధిలో ఆయన చెయ్యి పడని తల లేదు. అలాంటివాడు ఎనిమిది నెలలుగా ఈగలు తోలుకుంటున్నాడు. ఊళ్ళో మగవాళ్ళంతా జుట్లు పెంచేసి, వెనకనుంచి చూస్తే ఎవరి మొగుడెవరో పెళ్ళాలే పోల్చుకోలేని స్థితికి వచ్చారు.

నిజం చెప్పాలంటే ఈ గొడవ మొదలైంది కత్తెరన్న వల్లే.

ఇరుగుపొరుగు దేశాల క్లబ్బులన్నీ కలిసి ఆడే ఫుట్‌బాల్ ఛాంపియన్‌షిప్‌లో ఈ ఏడు వీళ్ళ ఊరి క్లబ్బుకీ చోటు దొరికింది. జీతాలిచ్చి ఆటగాళ్ళను తెచ్చుకునే స్తోమత లేని క్లబ్బు. పోస్ట్‌మ్యాన్ గోలు కొట్టాడంటే మర్నాడు ఉత్తరాలు ఆలస్యమే.

మొదటి మ్యాచ్ నాడు బేకరీ ఆయన క్రాఫు కోసం వచ్చి కూర్చున్నాడు. కుడివైపు అయింది. గడియారం చూసేసరికి కత్తెరన్న గుండె గుభేలుమంది. మ్యాచ్ టైమైపోయింది!

"ఎడమవైపు రేపు చూద్దాం" అని కత్తెర అక్కడే పడేసి గ్రౌండుకి పరుగెత్తాడు. మెడకు కట్టిన గుడ్డతోనే బేకరీ ఆయన కూడా వెనక పరుగెత్తాడు.

ఆ సాయంత్రం, విమానం దిగి దర్జాగా వచ్చిన పొరుగు దేశం జట్టు ఒక్క గోలు కూడా కొట్టలేక ఓడిపోయింది. అంతే, అదృష్టమంతా తన సగం క్రాఫులోనే ఉందని బేకరీ ఆయన తేల్చేశాడు. మనవాళ్ళు ఓడేదాకా ఎవడి తలమీదా కత్తెర పడకూడదని అక్కడికక్కడే అందరిచేతా ఒట్టు వేయించాడు.

వాళ్ళు ఓడితేగా! ఒక మ్యాచ్ గెలిచారు, ఒకటి డ్రా, మళ్ళీ గెలుపు. ఊరికి సంబరం పెరుగుతోంది, దాంతోపాటే జుట్టూ పెరుగుతోంది.

"మన గోల్‌కీపర్‌ని పేపర్లో గోడ అని రాశారు" అంది కత్తెరన్న భార్య, పేపరు విసిరికొడుతూ. "ఒక్క గోలు వదిలితే ఆ గోడగారి సొమ్మేం పోయిందట? వెనకాల ఓ సంసారం ఉందన్న ధ్యాస ఉండక్కర్లా?"

"కావాలని చేస్తాడేంటే? బంతి వస్తుంటే చేతులు ఊరుకోవు మరి" అని నసిగాడు కత్తెరన్న.

"ఇంక మీరు వెనకేసుకు రాకండి!"

ఆయనా ప్రతి మ్యాచ్‌కీ ముందు ఓడిపోవాలనే మొక్కుకునేవాడు. తీరా బంతి గాల్లోకి లేచాక ఆ మొక్కు గుర్తుండేది కాదు. ఇంటికొచ్చి, భార్య మొహం చూశాక గుర్తొచ్చేది.

తండ్రి నాటినుంచీ అద్దెకున్న ఈ సెలూన్ గది బావమరిదిది. ఓ రోజు వచ్చి ఖాళీ కుర్చీలకేసి చూస్తూ నిలబడ్డాడు.

"బావా, మొహమాటం లేకుండా చెప్తున్నా. ఈ సీజన్ అయ్యాక కూడా ఇలాగే ఉంటే గది నాకు వదిలెయ్. సెల్‌ఫోన్ల షాపు పెట్టుకుంటా."

ఆ మాటన్నవాడి జుట్టు రబ్బరు బ్యాండులో ఉంది.

కత్తెరన్న మధ్య కుర్చీమీద దుమ్ము తుడిచాడు. దాని పక్కన నిలబెట్టే తండ్రి తనకు పని నేర్పాడు. ఆ గది పోయాక పొద్దున్నే లేచి ఎక్కడికి వెళ్ళాలో ఆయనకు తోచలేదు.

ఆఖరి మ్యాచ్ రోజు వచ్చింది. డ్రా అయినా పాయింట్ల మీద కప్పు వీళ్ళదే. ఓడితే పోతుంది. బేకరీ ఆయన సెలూన్‌లోకి దూసుకొచ్చాడు. కుడివైపు జుట్టు చెవిదాకా, ఎడమవైపుది భుజందాకా ఉంది.

"అంతా నీ చలవే కత్తెరన్నా!" అని గట్టిగా కావలించుకున్నాడు. "ఇవాళ గట్టెక్కామంటే వచ్చే సీజన్‌కీ ఇదే ఒట్టు!"

కత్తెరన్నకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. భార్య తువ్వాలు మడిచి సంచిలో పెట్టి చేతికిచ్చింది.

"ఓడిపోయామన్న కబురుతోనే ఇంటికి రండి" అంది.

"అలాగే" అన్నాడు. ఈసారి మనస్ఫూర్తిగానే అన్నాడు.

తొంభయ్యో నిమిషం దాకా ఎవరూ గోలు కొట్టలేదు. అప్పుడు లెక్కల మాస్టారు కంగారులో అవతలి జట్టువాణ్ణి కాలడ్డం పెట్టి పడేశాడు. రెఫరీ పెనాల్టీ ఇచ్చాడు.

కత్తెరన్న తలెత్తి జనంకేసి చూశాడు. ఎటు చూసినా జుట్టే. ఈ ఒక్క బంతి లోపలికి పోతే చాలు, రేపు పొద్దున్నే సెలూన్ ముందు వీధి చివరిదాకా వరస కడతారు. బావమరిది తలే ముందు పట్టాలి. దేవుడా, ఈ ఒక్కసారికి ఓడించు!

పెనాల్టీ కొట్టేవాడు బంతిని చుక్కమీద పెట్టాడు. వాడి చెవుల వెనక జుట్టు ఎంత నీటుగా తీశారో. ఎవరో మంచి పనివాడు.

విజిల్ మోగింది, బంతి లేచింది, గోల్‌పోస్టుల మధ్య నిలబడ్డ కత్తెరన్న ఎప్పటిలాగే మొక్కు మర్చిపోయి, కుడివైపుకు ఎగిరి దాన్ని రెండు చేతులా పట్టేసుకున్నాడు.