నిన్నటి మందారం

పెరట్లో మందార చెట్టుకు పొద్దున్నే ఎర్రటి పువ్వొకటి పూసింది. పక్కనుంచి ఎగిరిపోతున్న తేనెపిట్టను పిలిచింది.

"పిట్టా, రావా? తేనె నిండుగా ఉంది."

"అరటిపువ్వు దగ్గరికి పోతున్నా. నువ్వెక్కడికి పోతావులే! ఈ చెట్టుకు ఎప్పుడు చూసినా పువ్వుంటుంది. రేపొస్తా," అంది పిట్ట.

మర్నాడు వచ్చింది. అదే కొమ్మ చివర ఎర్రటి పువ్వు కనిపించింది.

"చూశావా, మాట తప్పలేదు."

"నువ్వు మాటిచ్చింది మా అక్కకి," అంది పువ్వు. "మేం ఒక్కరోజే పూస్తాం. నువ్వొస్తావేమోనని పొద్దుగూకేదాకా చూసి, ముడుచుకుని రాలిపోయింది. అదిగో, కింద చీమల మధ్య ఉంది."

పిట్ట కిందికి చూసింది.

"ఇంతకీ నా దగ్గర ఇప్పుడు తాగుతావా, రేపొస్తావా?" అంది పువ్వు.